రెప్ప వేయని ఓబులేసు

1958. తాడిపత్రిలో నేను ఒక దినపత్రికకు స్ట్రింగర్‌ని. అంటే నెలజీతం లేని విలేకరిని. అచ్చయిన వార్తకే డబ్బులు. వానల్లేక పల్లెలు ఖాళీ అవుతున్న రోజులు. కొత్తచెరువు వైపు నుంచి వచ్చి బండల గనుల్లో పనికి కుదిరినవాళ్ళలో ఓబులేసు ఒకడు. ఇరవై దాటినవాడు. ఊళ్ళో అతనికి నా అన్నవాళ్ళు లేరు.

గని పనివాళ్ళకు ఒక గరిడి ఇల్లు ఉండేది. కర్రసాము, కత్తిసాము నేర్చుకునే చోటు. అందులో చేరాలంటే గాటు పడాలి. కొత్తవాడు కళ్ళు తెరిచి నిలబడితే సాము నేర్పే ఉస్తాదు కత్తి ఝళిపించి చెంప మీద సన్నగా గీస్తాడు. తల కదలకూడదు, రెప్ప పడకూడదు. ఆ గాటు ఉన్నవాడికి జబ్బు చేస్తే మిగతావాళ్ళు వంతులేసుకుని కూడు తెచ్చిపెడతారు. చస్తే మోస్తారు. జాతర ఊరేగింపులో కత్తి పట్టి ముందు నడుస్తాడు. ఊరు కాని ఊళ్ళో అది చిన్న సంగతి కాదు.

ఒక ఉదయం వార్తల కోసం ఆసుపత్రికి వెళితే, ఎడమ కంటికి కట్టుతో ఓబులేసు కనిపించాడు. "రాయి చిప్ప ఎగిరి తగిలినాది సార్" అని పోలీసు జమాదారుకు చెబుతున్నాడు. జమాదారు రాసుకుని వెళ్ళాక డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు.

"చిప్ప కాదండీ. కనుబొమ నుంచి చెంప దాకా కత్తి దిగింది. కన్ను పోయినట్టే."

నేను మంచం పక్కన కూర్చున్నాను. "ఎవరు కొట్టినారప్పా?"

"కొట్టలేదన్నా. గాటు పెట్టినారు. ఉస్తాదు చెయ్యి జారినాది." నా చెయ్యి పట్టుకున్నాడు. "నేను కదిలినానంటాండారు. కదిలినోనికి గాటు చెల్లదంట. ఒట్టు, రెప్ప గూడా ఎయ్యలేదు. ఆ ఒక్క మాట పేపర్లో రాయన్నా."

కన్ను గురించి ఏమీ అడగలేదు.

నేరుగా గరిడి ఇంటికి వెళ్ళాను. ఉస్తాదు చెన్నప్ప ఒంటికి నూనె రాసుకుంటున్నాడు. "ఏమప్పా పేపరాయనా, నీకూ గాటు కావాల్నా? చెంపలు బాగానే బలిసి ఉండాయే!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"ఓబులేసు కదల్లేదంటున్నాడు."

"కదలకపోతే కత్తి కంట్లోకి ఎట్ల పోతాది? నా చెయ్యి ఎప్పుడన్నా తప్పినాదా? వీళ్ళనడుగు."

అడిగాను. ఒక్కొక్కడూ నేల చూస్తూ "కదిలినాడన్నా" అన్నాడు. అందరి చెంపల మీదా గాట్లున్నాయి. కత్తికి బెదరనివాళ్ళమని చెప్పుకునే గాట్లు. అవి మోస్తున్న మనుషులు ఉస్తాదు ముఖం ఎదుట ఒక్క నిజం చెప్పలేకపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పోలీసు కాగితంలో రాయి చిప్ప అని ఉన్నంతకాలం మా డెస్క్, అంటే వార్తలు దిద్ది అచ్చుకు పంపేవాళ్ళు, నేను రాసింది వేయరు. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళి, "జమాదారుకు నిజం చెప్పు, రాస్తాను" అన్నాను.

"వాళ్ళ మీద చెప్పమంటావా? చెప్తే ఇంక చేర్చుకుంటారా నన్ను?"

"ఇప్పుడు మాత్రం చేర్చుకున్నారా?" అని అరిచాను. నర్సు వచ్చి నన్నే కసిరింది.

"మావాళ్ళన్నా వాళ్ళు" అని ఓబులేసు గోడవైపు తిరిగాడు.

జాతర వచ్చింది. గాట్లవాళ్ళు కత్తులు తిప్పుతూ ముందు నడిచారు. అందరి వెనక ఓబులేసు, భుజం మీద నీళ్ళకుండతో. ముఖాన అందరికన్నా పొడుగాటి గాటు. చెన్నప్ప నీళ్ళు తాగి, వెనక్కి చూడకుండానే చెంబు చాచాడు. ఓబులేసు గబుక్కున అందుకుని, జనంలో నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

"పిలిచినారన్నా!"

ఊరేగింపు వైభవంగా జరిగిందని ఏటా వార్త పంపేవాణ్ణి. ఆ ఏడు పంపలేదు. కరువంటే గింజలు, నీళ్ళు అని రాస్తూ వచ్చినవాణ్ణి. 'మావాడు' అనే మాట కోసం కూడా మనిషి అలమటిస్తాడని ఓబులేసు వల్లే నాకు తెలిసింది. ఆ ఆకలి కనిపెట్టి చెంబు చాచేవాళ్ళను తర్వాత చాలాచోట్ల చూశాను. ఒక్కణ్ణీ క్షమించలేకపోయాను.