రేగు కంపతో చెరిపిన దారి

మా గుడారాలకు వచ్చే అతిథులను మంట దగ్గర కూర్చోబెట్టి ఒక కథ చెప్పేవారు. తన సొంత ఒంటె ఎటు పోయిందో పట్టలేక నాలుగు రోజులు ఇసుకలో తిరిగిన పగీ కథ. విన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఆ పగీ మా మరిది లూణారాం. ఆ కథలో చెప్పకుండా మింగేసిన ముక్క ఒకటుంది. మింగింది నేను. కాబట్టి అతని సంగతి నేను చెప్పడమే న్యాయం.

పగీ అంటే ఇసుకలో అడుగు చూసి మనిషిని పట్టేవాడు. మా మామగారు పగీ, ఆయన తండ్రి పగీ. నా మొగుడికి ఆ విద్య అబ్బలేదు, పొద్దున విప్పిన చెప్పులు సాయంత్రం వెతుక్కునేవాడు. లూణాకు మాత్రం పుట్టుకతోనే వచ్చింది. నేను కాపురానికి వచ్చిన మూడో రోజు, మా అత్తగారు చూడకుండా వాకిట్లోకి వెళ్ళి బెల్లం ముక్క తిని వచ్చాను. పదేళ్ళ లూణా వచ్చి నా చెవిలో, "వదినా, నాకూ సగం పెట్టు, లేకపోతే నీ అడుగులు అమ్మకు చూపిస్తాను" అన్నాడు. అప్పటి నుంచి మా ఇద్దరికీ అలాగే జరిగింది. అతను పట్టుకోవడం, నేను తిట్టడం.

ఒకసారి పక్క ఊళ్ళో మేకలు పోతే థాణా పోలీసులు లూణాను పిలిచారు. దొంగ అడుగు వెంట మూడు కోసులు నడిచి, అతను ఒక చోట కూర్చున్నాడట. "వీడు ప్రతి నూరడుగులకూ ఆగి జోడు విప్పి మళ్ళీ తొడుక్కున్నాడు. కొత్త జోడు, కరుస్తోంది. ఈ నెలలో పెళ్ళయిన ఊళ్ళు చూడండి" అన్నాడు. అయిదో రోజు దొంగ దొరికాడు. కొత్త పెళ్ళికొడుకు. పెళ్ళి విందుకు తెచ్చిన అప్పులు తీర్చలేక మేకలు తోలుకుపోయాడు. వాడిని పట్టిచ్చినందుకు లూణా వారం రోజులు సరిగా తినలేదు. అయినా ఆ తరవాత నుంచి మా ఇంటి ముందు జీపు ఆగితే ఊరంతా లేచి నిలబడేది. థాణేదారు స్వయంగా, "లూణాజీ ఉన్నాడా" అని అడిగేవాడు. మా ఇంటికి పొలం లేదు, పక్కా గోడ లేదు. ఆ 'జీ' ఒక్కటే ఉంది.

తరవాత మా ఊరి ఠాకూరు, మేం హుకుం అని పిలిచే దొర, పెద్ద ఇసుక తిన్నె పక్కన గుడారాలు వేశాడు. పట్నాల నుంచి జనం రావడం మొదలయింది. ఏ పనీ లేకుండా కూర్చోవడానికి డబ్బు కట్టి ఇంత దూరం వస్తారని అంతకుముందు నాకు తెలియదు. వచ్చి ఇసుక మీద దొర్లుతారు, పైనుంచి కిందికి జారతారు, సూర్యుడు మునుగుతుంటే ఎప్పుడూ మునగనట్టు చూస్తారు. వాళ్ళను నేనేమీ అనను. పాపం, అంత అలసిపోయి వస్తారు.

లూణాకు ఎర్ర తలపాగా కట్టించారు. అతని ఆడ ఒంటె రేశ్మీకి అద్దాల జీను, మెడలో ఊలు బంతులు. దాన్ని పడమటి ఊరి సంతలో దూడగా కొన్నాడు, తన చేత్తో పెంచాడు. మూడు ఈతలూ తనే చెయ్యి పెట్టి తీశాడు. నాకు పొయ్యి ఇచ్చారు. సజ్జ రొట్టె చేత్తో తట్టడం చూడ్డానికి అతిథులు గుమిగూడతారు. ఇంకో పని కూడా ఉంది. తెల్లవారక ముందే రేగు కంప ఒకటి తాడుకు కట్టి, తిన్నె మీద అటూ ఇటూ లాగాలి. నిన్నటి అడుగులన్నీ చెరిగిపోవాలి. వచ్చేవాళ్ళకు ఎవరూ తొక్కని ఇసుక కావాలి. ఇన్ని వందలమంది తొక్కే చోట ఎవరూ తొక్కని ఇసుక ఎక్కడి నుంచి వస్తుంది? నా నడుము నుంచి వస్తుంది.

లూణాకు ఆ పని నచ్చేది కాదు. "వదినా, పగీ ఇంటి కోడలివి. నువ్వు చెయ్యాల్సిన పనేనా అది" అనేవాడు.

"నువ్వు తలపాగా కట్టుకుని కోతిలా ఆడొచ్చు. నేను ఊడవకూడదా?" అనేదాన్ని. నవ్వేవాడు.

ఆ ఫాల్గుణంలో రేశ్మీకి నెలలు నిండాయి. సవారీలకు పంపడం మానేసి, ముందరికాళ్ళకు బంధం వేసి తిన్నె వెనక వదిలేవాడు. ఒక సాయంత్రం అతిథులు లూణాను విద్య చూపించమన్నారు. అతను పొయ్యి ముందున్న ఇసుక చూపించి మొదలుపెట్టాడు. ఇది ఫలానా సాబ్, మోకాలు నొప్పి ఉంది. ఇది ఫలానా అమ్మాయి, ఎవరి కోసమో నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంతటితో ఆపవచ్చు కదా.

"ఇవి మా వదినవి" అన్నాడు. "ఎడమకాలు ఈడుస్తుంది, నడుము అరిగిపోయింది. అయినా మడమ ఎలా నొక్కిందో చూడండి. వెనక పదిమంది దాసీలు వస్తున్నట్టు నడుస్తుంది. వెనక్కి చూస్తే మేక కూడా ఉండదు."

నలభైమంది నవ్వారు. ఠాకూరు కూడా నవ్వాడు. నేను రొట్టె తిప్పాను. ఇంట్లో అంటే నేనూ రెండు అనేదాన్ని. పరాయివాళ్ళ ముందు నా నడుము అరిగిందని చెప్పడం నాకు ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు తెల్లవారుజామున తిన్నె మీద సగం ఊడ్చాను. అక్కడ కనబడింది, ఒంటె అడుగుల వరస. దగ్గర దగ్గరగా పడ్డ పొట్టి అడుగులు, బంధం ఉన్న ఒంటెవి. వెనక కాళ్ళు ఎడంగా పడ్డాయి, బరువు మోసేదానివి. పగీ ఇంట్లో యాభై ఏళ్ళు బతికినదాన్ని, అది రేశ్మీ అని తెలియడానికి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అది తిన్నె దాటి నేరుగా పడమటికి పోయింది. ఈనే వేళకు ఒంటె తను పుట్టిన చోటికో, ఇదివరకు ఈనిన చోటికో పోతుంది. అదీ నాకు తెలుసు.

నిలబడి చూశాను. పిలవాలనే అనుకున్నాను. అప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చింది. పెద్ద పగీ కదా, పట్టుకోనీ, అవతలి ఇసుక గట్టు వెనకే ఉంటుంది, గంట సేపు వెతికితే తెలిసొస్తుంది అనుకున్నాను. కంప లాగాను. వరస మొత్తం పోయింది.

లూణా పరుగు లాంటి నడకతో వచ్చాడు. "వదినా, రేశ్మీ లేదు. ఇటు వచ్చిందా?"

"నాకేం తెలుసు. నేను ఊడ్చేదాన్ని, నువ్వు చదివేవాడివి. చదువుకో."

"వేళాకోళం కాదు. ఇవాళో రేపో ఈనుతుంది. కిందటిసారి దూడ అడ్డం తిరిగింది, నీకు తెలుసు కదా."

చెప్పబోయాను. ఇది నిజం. కానీ అప్పుడే ఠాకూరు ఇద్దరు అతిథులతో తిన్నె ఎక్కి వచ్చాడు. "ఏమయింది? ఒంటె తిన్నె మీదికి వచ్చిందా? హంజా, నువ్వు చూశావా?" అని నన్ను అడిగాడు. చూశాను, చూసి చెరిపాను అని ఆ ఇద్దరి ముందు ఎలా అనను? నిన్న నవ్విన వాళ్ళలో వాళ్ళూ ఉన్నారు.

"ఏమీ చూడలేదు హుకుం" అన్నాను.

లూణా నా మాట నమ్మాడు. నేను ఆగిన చోట ఒకసారి కిందికి చూశాడు, నా ముఖంలోకి చూశాడు, దక్షిణానికి బయలుదేరాడు. మూడు ఈతలూ దక్షిణాన వాళ్ళ అక్క ఊళ్ళో జరిగాయి, అటే పోయి ఉంటుందనుకున్నాడు. కాసేపటికి అతిథుల జీపులు గట్లన్నీ దున్నేశాయి. మధ్యాహ్నానికి గాలి లేచింది. సాయంత్రానికి ఎడారి నా తిన్నెలాగే నున్నగా అయిపోయింది.

అతని దగ్గర ఫోను ఉంది. మా మనవరాలి ఫోను నా పక్కనే ఉంది. పడమటికి పో అని రెండు మాటలు. మొదటి రోజు చెప్పలేదు, వచ్చేస్తాడులే అనుకున్నాను. రెండో రోజు చెప్పలేదు, నిన్ననే ఎందుకు చెప్పలేదంటాడని. మూడో రోజు అతనే చేసి, "అక్క ఊళ్ళో లేదు వదినా. ఇంకా కిందికి పోతున్నాను. నీళ్ళు దొరికాయిలే, కంగారుపడకు" అన్నాడు. నేను, "జాగ్రత్త" అన్నాను. ఆ ఒక్క మాట నోట్లోంచి ఎలా వచ్చిందో, మిగతా రెండు మాటలు ఎందుకు రాలేదో నాకు ఈనాటికీ తెలియదు.

నాలుగో రోజు పడమటి ఊరి మేకల కాపరులు కబురు తెచ్చారు. అది పుట్టిన ఊరి ఎండిన చెరువులో రేశ్మీ పడి ఉంది. కాళ్ళ బంధం కంపలో చిక్కుకుంది. దూడ సగం బయటికి వచ్చి ఆగిపోయింది. రెండూ పోయాయి. లూణాను ఫోనులో పిలిచి, అందరం అక్కడికి వెళ్ళాం.

లూణా దాని దగ్గర కూర్చుని బంధం విప్పాడు. "చెయ్యి పెట్టి తిప్పితే వచ్చేది. ఎంతసేపు, రొట్టె కాలేంత సేపు" అన్నాడు. ఎవరితోనూ కాదు. నేను పక్కన నిలబడి ఏడవలేదు. ఏడిస్తే ఎందుకని అడుగుతారు.

ఒంటె పోవడం ఒక ఎత్తు. పేరు పోవడం ఇంకో ఎత్తు. పడమటికి పోయినదాన్ని దక్షిణాన వెతికిన పగీ అని సంతలో నవ్వారు. థాణా వాళ్ళు ఇంకెవరినో, వాసన పట్టే కుక్కతో సహా, పిలిపించుకున్నారు. ఠాకూరు ఆ కథకు ఉప్పూ కారం వేసి మంట దగ్గర చెప్పడం మొదలుపెట్టాడు. లూణా ఠాకూరు ఒంటెనే కూలికి తోలుతూ, ఆ కథకు తనూ నవ్వేవాడు. నేను రొట్టెలు తడుతూ వినేదాన్ని. రోజుకో మాట పెరిగేది. ఏడాది గడిచింది.

ఒక మధ్యాహ్నం కొత్త జట్టు టీ తాగుతుంటే ఠాకూరు, "రాత్రి చెప్పిన కథలో పగీ ఎవరనుకున్నారు? అదుగో" అని లూణాను చూపించాడు. ఒక పెద్దమనిషి, "అయ్యా, నా కళ్ళజోడు ఎక్కడుందో చెప్పగలవా?" అన్నాడు. అది అతని నెత్తి మీదే ఉంది. లూణా తల వంచుకుని, "చెప్పలేను సాబ్, పడమరో దక్షిణమో" అన్నాడు. అందరూ నవ్వారు.

నా చేతిలో పిండి ముద్ద ఉంది. అది పొయ్యిలో పడేసి లేచాను.

"ఆ పూట ఒంటె ఈ తిన్నె మీదుగానే పోయింది" అన్నాను. "నేను చూశాను. పడమటికి పోయిందని నాకు తెలుసు. అడుగులు చెరిపింది నేను. అడిగితే చూడలేదన్నదీ నేనే. అతను తప్పు చదవలేదు. చదవడానికి నేను ఏమీ మిగల్చలేదు."

ఠాకూరు, "ముసలిదానికి ఎండదెబ్బ తగిలింది, టీ తాగండి" అన్నాడు.

"ఎండలో పుట్టిన దాన్ని హుకుం. నాకు తగిలేది ఎండ కాదు" అన్నాను. అతను మళ్ళీ ఆ కథ చెప్పలేదు. తిన్నె ఊడ్చే పని కూడా నాకు తీసేశాడు, అది నాకు మేలే.

లూణా పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. కాలిపోయిన పిండి ముద్దను పుల్లతో బయటికి తీశాడు.

"నాకు తెలుసు వదినా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆ రోజు నువ్వు ఊడ్చిన చోట సగంలో ఆగావు. మడమలు లోతుగా దిగాయి, కంప లాగినా ఆ గుంటలు పోలేదు, చాలాసేపు నిలబడ్డావు. ఆయాసం వచ్చి ఆగావనుకున్నా. పాపం, నిన్న నడుం గురించి అనకుండా ఉండాల్సింది అని కూడా అనుకున్నా. చెరువులో దాన్ని చూశాక అర్థమయింది, దేన్ని చూస్తూ నిలబడ్డావో."

"ఏడాది నుంచి తెలిసి కూడా నన్ను ఒక్క మాట అనలేదే."

"అంటే ఏమయ్యేది? రోజూ నీ చేతి రొట్టె తినాలి కదా."

అతను నన్ను నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. తిట్టలేదు.

నేను చెప్పిన మాట సంతకు చేరింది, సంత నుంచి థాణాకు చేరింది. నెల తిరక్క ముందే జీపు వచ్చి ఆగింది. పై ఊళ్ళో పదకొండు ఒంటెలు తోలుకుపోయారట. కొత్త థాణేదారు దిగి, "లూణాజీ, మీరు వస్తే బాగుంటుంది" అన్నాడు. ఏడాది తరవాత మళ్ళీ ఆ 'జీ' విన్నాను. నేను పాడుచేసింది నేనే బాగుచేశాననుకున్నాను. అతని కర్ర తేవడానికి లోపలికి పరుగెత్తాను.

వచ్చేసరికి లూణా చేతులు జోడించి ఉన్నాడు. "కళ్ళు పోయాయి హుకుం. అడుగులు ఆనడం లేదు. వేరే మనిషిని చూసుకోండి."

జీపు వెళ్ళిపోయింది. అతను గుమ్మంలో కూర్చుని, చిరిగిన జీను కుట్టడానికి సూదిలో దారం ఎక్కించాడు. ఒకేసారికి ఎక్కింది.

"నా ముందు అబద్ధాలెందుకు" అన్నాను. "నీ కళ్ళకేమయింది?"

"కళ్ళు బాగానే ఉన్నాయి వదినా." రెండు కుట్లు వేశాక మళ్ళీ మాట్లాడాడు. "ఇన్నాళ్ళూ పట్టింది పరాయివాళ్ళను. వాడు దొంగ, వీడు మోసగాడు అని తెలిస్తే ఇంటికొచ్చి అన్నం తినేవాడిని. ఒక్క పెళ్ళికొడుకు దగ్గరే మనసు పాడయింది. ఇప్పుడు ఏ ఇసుక చూసినా ముందు నీ మడమలే కనబడుతున్నాయి. ఎవరు ఎటు నడిచారో ఇంక నాకు తెలియనక్కర్లేదు."

"నా మీద కోపమా?"

"కోపమైతే చెప్పేవాడిని." దారం పళ్ళతో తెంపి, జీను భుజాన వేసుకుని గుడారాల వైపు వెళ్ళాడు.

అతను ఇప్పుడు అతిథుల ఒంటె ముందు తాడు పట్టుకుని, తల పైకెత్తి నడుస్తాడు. ఎదర గట్టునో, మేఘాన్నో, అతిథుల ముఖాలనో చూస్తాడు. కిందికి మాత్రం చూడడు. యాభై ఏళ్ళలో అతని కాలు దేనికైనా తగలడం నేను చూడలేదు. ఇప్పుడు వారానికోసారి, పట్నం నుంచి వచ్చినవాళ్ళలాగే, గుడారం తాడు తన్నుకుని ముందుకు తూలుతాడు. అతిథులు చెయ్యందిస్తారు. నేను పొయ్యి దగ్గర నుంచి లేవబోయి, మళ్ళీ కూర్చుంటాను.