రేవు రాముడి తెడ్డు

నూకరత్నానికి ఆవేళ కోపం పొద్దున్నే పట్టుకుంది. "మామయ్యగారి తెడ్డు మ్యూజియంలో పెట్టారంటండి, అది చూపించి అటునుంచటే అంతర్వేది తీసుకెళ్తాను" అని వారం రోజులుగా ఊరించిన అల్లుడు గణేష్‌బాబు, రామచంద్రపురం దాటగానే కారు యానాం వైపు తిప్పాడు. అక్కడ గోదారి గట్టు చూసింది పది నిమిషాలు, మందు కొట్టు దగ్గర నిలబడింది ముప్పావుగంట.

"మీ నాన్న పోయి ఏడాది తిరగలేదు. సీసాలు గలగలలాడించుకుంటా ఆయన తెడ్డు చూడ్డానికి వెళ్ళాలా?" అంది కూతురితో.

"ఊరుకోవే అమ్మా, మీ అల్లుడు వింటే బాధపడతారు." లోవలక్ష్మి మోచేత్తో పొడిచింది.

"పడనీ!"

నూకరత్నం మొగుడు రాముడు ముప్పై ఏళ్ళు రేవులో పడవ నడిపాడు. అవతల లంకలో పురిటినొప్పులొచ్చినా, పాము కరిచినా, "రాముడో!" అని ఒక్క కేక చాలు, విస్తరి ముందునుంచైనా లేచిపోయేవాడు. ఏటా గోదారి ఎర్రబడి వరద మొదలవగానే నూకరత్నం తన పాత చీర చింపి ఆ తెడ్డు పిడికి చుట్టేది, ఆయన అరచేయి బొబ్బలెక్కకుండా. వంతెన వచ్చాక పడవ ఒడ్డునే చివికిపోయింది. మిగిలిన తెడ్డుని రెండేళ్ళ కిందట మ్యూజియం వాళ్ళొచ్చి "పేరు రాసి పెడతామండి" అని పట్టుకెళ్ళారు. "నేను పోయినా నా పేరుంటాదే" అని రాముడు ఊరంతా చెప్పుకున్నాడు. ఆ పేరు చూడకుండానే మంచం పట్టి పోయాడు. ఆయన బదులు చూసి రావాలని నూకరత్నం పట్టు.

కాలవగట్టు మీది ఆ చిన్న మ్యూజియానికి చేరేసరికి ఒంటిగంట దాటింది. గోడవారన అద్దాల పెట్టెలో ఉన్న తెడ్డుని ఆమె ముందు పోల్చుకోలేకపోయింది. పిడికున్న చీరపేలిక ఊడబీకేసి, నిగనిగలాడేలా వార్నీషు పూశారు. పెట్టె బయట కింద అంటించిన చీటీ మనవరాలు అలేఖ్య చదివింది.

"పడవ తెడ్డు. సుమారు నూరేళ్ళ నాటిది. ఇచ్చినవారి పేరు తెలియదు."

"మళ్ళీ చదువు."

చదివింది.

"నూరేళ్ళా? నా పెళ్ళయిన మూడో ఏడు మా మేనమామ చెక్కిన తెడ్డు నూరేళ్ళదైతే, నాకెన్నేళ్ళే? నన్నూ ఆ పెట్టెలో పెట్టమను! పేరు తెలియదా? గోదారికి అటూ ఇటూ ఎవర్నడిగినా చెబుతారు!"

బల్ల దగ్గర భోంచేస్తున్న కాపలాదారు పెద్దిరాజు ముద్ద కలుపుతున్న చేత్తోనే లేచాడు. "అరవకండమ్మా. చీటీలు మేం రాసేవి కాదండి, అచ్చేసి పంపుతారు. సోమవారం సార్ వస్తారు, అర్జీ పెట్టుకోండి."

"తెడ్డు పట్టుకెళ్ళిన రోజు మీరు మాకు అర్జీ పెట్టారా?"

గణేష్‌బాబు గొంతు సవరించుకున్నాడు. "అత్తయ్యగారూ, ఫోటో తీశాను కదండీ. ఇంక బయల్దేరకపోతే అంతర్వేది లైట్‌హౌస్ దగ్గరికి వెళ్ళేసరికి చీకటి పడిపోద్ది."

"మీ సముద్రం ఎక్కడికీ పారిపోదు బాబూ. నేను కదల్ను." మనవరాలి వైపు తిరిగింది. "పుస్తకంలో కాయితం ఒకటి చింపవే."

"నేను రాస్తాలే అమ్మమ్మా."

"నేనే రాయాలి."

ఆమెది మూడో తరగతి చదువు. పెన్ను పట్టి ఎన్నేళ్ళయిందో. ఒక్కో అక్షరం కాయితం చిరిగేంత గట్టిగా నొక్కి రాసింది: "ఈ తెడ్డు రేవు రాముడిది. ముప్పై ఏళ్ళు మనుషుల్ని దాటించాడు. పేరు తెలుసు."

ఆ కాయితం పట్టుకుని తిన్నగా పెద్దిరాజు బల్ల దగ్గరికి నడిచింది. "నాలుగు మెతుకులియ్యి."

పెద్దిరాజు ఆమె మొహంలోకి చూశాడు. కారియర్లో అడుగు గిన్నె తీసి జరిపాడు. "ఇది ఎంగిలి కాలేదండి."

నూకరత్నం మెతుకులు వేలితో నలిపి కాయితం వెనక పూసి, అచ్చు చీటీ మీద అరచేత్తో అదిమింది.

"సోమవారం సార్ వచ్చి పీకేస్తారండి," అన్నాడు పెద్దిరాజు నెమ్మదిగా.

"పీకనీ. మంగళవారం బస్సెక్కి వస్తాను. అన్నం నేనే తెచ్చుకుంటాను."