అత్తయ్య నేరేడు గింజల పొడి

మా అత్తయ్య కళ్ళు తిరిగి వంటింట్లో కూలబడిన రోజు మా ఆయన ఒకటే గోల. "ఆ పరిశోధనా వద్దు, ఆ మందూ వద్దు. వెంటనే మానిపించేస్తాను!"

కొత్త షుగరు మందు మీద బ్లాంచర్డ్స్‌టౌన్ ఆసుపత్రిలో జరుగుతున్న పరిశోధనలో అత్తయ్య చేరి కొన్ని వారాలే అయింది. ఐర్లండ్‌కి మా దగ్గరికి వచ్చాక ఈ దేశంలో ఆవిడకంటూ ఉన్న సొంత పని అదొక్కటే. మంచి చీర కట్టి, పైన కోటు తొడిగి, బస్సెక్కి ఒక్కతే వెళ్ళొచ్చేది. అక్కడ నర్సు తనను పేరు పెట్టి పలకరిస్తుందని ఎంత మురిసిపోయేదో! మానిపిస్తాననేసరికి ఆవిడ మొహం వాడిపోయింది.

"నాకున్నది అదొక్కటే గదరా," అంది.

అప్పట్లో డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. నాకూ ఒకదాంట్లో ఉద్యోగం దొరికింది. మందుల పరిశోధనలో రోగుల వివరాలు ఎక్కించే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడం నా పని. చేరీ చేరగానే 'కన్‌కామిటెంట్ మెడికేషన్' అనే మాట తగిలింది. ఇంజనీరింగు చదివినదాన్ని, నోరు తిరగని మాటకి బెదురుతానా? పట్టుబట్టి చదివాను. తీరా చూస్తే ఇంతే! పరిశోధన మందు కాక ఆ మనిషి వాడే మిగతావన్నీ అన్నమాట. డాక్టరు రాసిచ్చినవే కాదు, విటమిన్లు, మూలికలు, ఇంటి వైద్యం కూడా. అవి దాచిపెడితే వాటివల్ల వచ్చిన తంటా కొత్త మందు నెత్తిన పడుతుంది.

మర్నాడు పొద్దున ఆ మాట గుర్తొచ్చి అత్తయ్యని అడిగాను. "వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"అబ్బే, ఒక్కటీ లేదమ్మా. నర్సమ్మకీ అదే చెప్పా." అంటూనే వంటింటి అలమరా (ఇక్కడివాళ్ళు ప్రెస్ అంటారు) తలుపు తీసి, సీసాలోంచి చెంచాడు పొడి మజ్జిగలో కలుపుకుంది.

"మరి అదేంటి?"

"ఇదా? నేరేడు గింజల పొడి. షుగరుకి మంచిది."

"అత్తయ్యా! మరి అది మందు కాదా?"

"మందేంటి, నీ మొహం! వంటింట్లో ఉండేది మందెలా అవుతుంది? కాకరకాయ రసం కూడా తాగుతా, అదీ మందేనా?"

నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. మందంటే డాక్టరు ఇచ్చేదే, మనం నూరుకున్నది తిండే. మనవాళ్ళలో ఎవర్నడిగినా ఇదే మాట. అన్నీ కలిసి షుగర్ని మరీ కిందికి దించేసి ఉంటాయని విడమరచి చెప్పాను. ఆవిడ బెంబేలెత్తిపోయింది.

"చెబితే తీసేస్తారేమోనే!"

"చెప్పకపోతే మీ అబ్బాయే తీయించేస్తాడు. పదండి."

ఆసుపత్రిలో డాక్టరు కసురుతాడేమోనని నేనూ భయపడ్డాను. ఆయన శ్రద్ధగా విని, పొడీ రసమూ ఆపమన్నాడు. షుగరు నిలకడగా ఉంటే పరిశోధనలో కొనసాగవచ్చన్నాడు. అత్తయ్య ఆ సీసాని తన చేత్తోనే బయట పారేసింది. కళ్ళు తిరగడం ఆగిపోయింది, షుగరు కుదుటపడింది, ఆవిడని ఉంచేశారు. అబ్బ, నాకెంత గర్వమనిపించిందో! మా ఆయన కూడా సరేనన్నాడు.

ఆ తర్వాతి సారి నేనూ తోడు వెళ్ళాను. మేము కూర్చున్న చోటికి తెర అవతల ఎవరో ముసలాయన ఉన్నాడు. వేరే మందులేమైనా వాడుతున్నారా అని నర్సు అడిగింది.

"నో, నో. ఐ యామ్ గ్రాండ్," అన్నాడాయన. ఇక్కడ గ్రాండ్ అంటే బాగానే ఉన్నానని.

నర్సు వదల్లేదు. పొడులు, కషాయాలు, చుక్కలు, వంటింటి ప్రెస్‌లోంచి తీసుకునేది ఏదైనా ఉందా అని అడిగింది. అప్పుడాయన చెల్లెలు పంపే వెల్లుల్లి మాత్రల సంగతి మెల్లగా బయటపెట్టాడు.

అత్తయ్య నన్ను మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

"విన్నావా? నా వల్లే నేర్చుకున్నారు. ఇంక నన్నెవడు మానిపిస్తాడో చూస్తా!"