నిలువు గీతల పంజాబీ డ్రెస్సు

మా చిన్నప్పుడు... మరీ చిన్నప్పుడు కాదులెండి, టెన్త్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న వేసవి... ధవళేశ్వరంలో మా వీధి చివర సత్యవతి పిన్నిగారి కుట్టు మిషను ముందు, చేతులు రెండూ ఎడంగా పెట్టుకుని నిలబడి ఉన్నాను. ఆవిడ మెళ్ళో టేపు తీసి కొలతలు తీసుకుంటున్నారు.

మిగతావాళ్ళ కొలతలు పైకి అనుకుంటూ రాసుకునేవారు. నావి మాత్రం నోట్లోనే అనుకున్నారు. ఆ మర్యాద నాకు అర్థమైంది... అర్థమయ్యేసరికి ఇంకా సిగ్గేసింది.

నేను కాస్త భారీ మనిషిని. వెడల్పాటి భుజాలు. "ఎముక పుష్టి" అనేది మా నాయనమ్మ. అమ్మేమో ఏది కుట్టించినా "ఎదిగే పిల్లండీ, వదులుగా కుట్టండి" అనేది. దాంతో నా ఒంటి మీద ప్రతిదీ దిండు గలీబులా ఉండేది.

ఆ వేసవిలో జయ వాళ్ళక్క పెళ్ళి. జయ, పద్మ, వాణి, నేను... నాలుగో తరగతి నుంచీ ఒకే బెంచీ. పందిరి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళకి పన్నీరు చల్లి, గంధం రాసి, కలకండ పెట్టే పని మా నలుగురిదీ. అలా నిలబడే ఆడపిల్లలకి ఒకే తానులోంచి గుడ్డ తీయడం మా వైపు సరదా.

రాజమండ్రి వెళ్ళి కొన్నాం. లేత గులాబీ రంగు మీద అరచేతంత తెల్లపూలు. బుట్టచేతులు, నడుం దగ్గర కుచ్చులు పెట్టిన పంజాబీ డ్రెస్సు... ఆ ఏడాది ఎవరిని చూసినా అదే. జయ సన్నగా రివటలా ఉండేది. గుడ్డ భుజం మీద వేసుకుని షాపు అద్దంలో చూసుకుంటే వెలిగిపోయింది. నేను అద్దం వైపే వెళ్ళలేదు.

"ఓ మాటంటాను, ఏమనుకోకమ్మా" అన్నారు పిన్నిగారు టేపు చుడుతూ. "ఈ పూలు నీకు నప్పవు. బుట్టచేతులు పెడితే నీ భుజాలే ముందు కనబడతాయి. నడుం దగ్గర కుచ్చు పెట్టానా... బస్తాకి తాడు బిగించినట్టుంటుంది."

నా మొహం చూసి నవ్వేశారు.

"బస్తా అన్నానని ఏడవకు. నువ్వు బస్తావైతే నేను గాదెని! ముదురు రంగు, నిలువు గీతలు, తిన్నగా కిందికి జారే కుట్టు... నీ ఎత్తుకి దొరసానిలా ఉంటావు. ఇంకా ఎవరి గుడ్డకీ కత్తెర పెట్టలేదు. వాళ్ళతో చెప్పు, నలుగురూ వెళ్ళి మార్చుకు రండి."

చెప్పాలి... చెప్పాలంటే నా భుజాల గురించీ, నా నడుం గురించీ నా నోటితో నేనే అనాలి. జయ వాళ్ళింటికి రెండుసార్లు వెళ్ళి, వేరే ఏవో కబుర్లు చెప్పి వచ్చేశాను.

మూడోనాడు పిన్నిగారితో "చెప్పానండీ... వాళ్ళకి ఆ పూలే కావాలంట" అనేశాను. అమ్మతో కూడా అదే అబద్ధం. అమ్మని వెంటబెట్టుకుని వెళ్ళి నా ఒక్కదాని గుడ్డా మార్చుకొచ్చాను. ముదురు నీలం మీద సన్నటి తెల్ల గీతలు.

పెళ్ళిరోజు పొద్దున్న వేసుకుని అద్దం ముందు నిలబడితే... ఎవరో కొత్తమ్మాయి. మొదటిసారి నన్ను నేను వెనక్కి తిరిగి మరీ చూసుకున్నాను.

పందిట్లోకి వెళ్ళేసరికి ముగ్గురూ ఆ పూల డ్రెస్సుల్లో గుమ్మంలో ఉన్నారు.

"ఇదేంటే!" అంది పద్మ. జయ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, మళ్ళీ తన పూల డ్రెస్సు వైపు చూసుకుంది.

జయ వాళ్ళమ్మగారే వచ్చి చెయ్యి పట్టుకున్నారు. "అబ్బ, ఎంత బావున్నావే! పెద్దదానివైపోయావు. మరి... ముగ్గురూ ఒకలా, నువ్వొకలా ఉంటే ఇక్కడ బాగోదేమో తల్లీ. లోపల తాంబూలాలు సర్దుతున్నారు, కాస్త సాయం చేసిపెడతావా?"

నాకివ్వాల్సిన పన్నీరు బుడ్డి వాణి చేతికిచ్చారు.

లోపల చాప మీద పెద్దవాళ్ళ మధ్య కూర్చుని తమలపాకుల్లో వక్కలు పెట్టాను. "ఎవరమ్మాయండీ, మనిషి ఎంత హుందాగా ఉంది" అన్నారొకరు. "గుడ్డ ఎక్కడ తీశారమ్మా?" ఇంకొకరు. అంతకు ముందెప్పుడూ ఎవరూ నన్నలా అనలేదు. బయట ముగ్గురి నవ్వులూ వినబడుతున్నాయి... పన్నీరు ఒకళ్ళ మీద ఒకళ్ళు చల్లుకుంటున్నారు కాబోలు.

భోజనాల దగ్గర జయ వచ్చి నా పక్కన కూర్చుంది. కోపంగా ఉన్నా బాగుండేది.

"చెప్పొచ్చు కదే. మాకు మాత్రం ఆ పూలంటే ప్రాణమా? మేమూ మార్చుకునేవాళ్ళం."

"మీరేమైనా అనుకుంటారని..."

"ఇప్పుడేమీ అనుకోలేదా?"

విస్తరి వైపు చూస్తూ కూర్చున్నాను.

నిజంగా మార్చుకునేవాళ్ళా? ఇన్నేళ్ళుగా తేల్చుకోలేకపోతున్నాను... ఒక్కోసారి తప్పకుండా మార్చుకునేవాళ్ళే అనిపిస్తుంది. ఒక్కోసారి జయ మాటవరసకి అందేమో అనుకుంటాను. పోట్లాటంటూ ఏమీ జరగలేదు. ఇంటర్‌కి వాళ్ళు ముగ్గురూ ఒక కాలేజీలో చేరారు, నేను కాకినాడ హాస్టల్‌కి వెళ్ళాను... దూరమవడానికి అదే కారణమని అందరితోనూ చెబుతాను. నమ్మాలనే ఉంటుంది నాకూ.

ఇప్పుడు మన ఒంటి తీరు ఏంటో చెబితే చాలు... ఏ మెడ, ఏ చేతులు, ఎక్కడిదాకా పొడవు, అన్నీ ఫోనే చెప్పేస్తోంది. ఆఫీసులో పిల్లలు "మేడమ్, మీ సెలక్షన్ సూపరండీ" అంటారు. నిజమే... నాకేం నప్పుతుందో నాకిప్పుడు బాగా తెలుసు. "రేపు అందరం ఒకటే వేసుకుందామే" అని పిలిచేవాళ్ళే లేరు.

తమకి నప్పదని తెలిసీ, స్నేహితులతో పాటు అదే గుడ్డ కుట్టించుకున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే రాయండి... ఆ రోజు మీకెలా గడిచిందో తెలుసుకోవాలని ఉంది.