నల్లమందు మింగి దిగిన కుస్తీ

ఆ ఏడు శ్రీరంగాపూర్ జాతరలో ఆఖరి కుస్తీ నాది. ఎదుటివాడు గద్వాల పహిల్వాన్, నాకంటే చిన్నవాడు. అంతకుముందు రెండు మూడుసార్లు అతనితో తలపడ్డాను. చేయి మెలిపెట్టి వీపు మీదికి ఎత్తితే ఓర్చుకోలేక వెల్లకిలా తిరిగిపోయేవాడు.

ఆ రోజు మట్టిలో చేతులు కలిపినప్పుడే తేడా తెలిసింది. కంటిపాపలు ఆవగింజంత ఉన్నాయి. మోకాలు వాచి కుంటుతున్నాడని పొద్దున చెప్పుకున్నారు. ఇప్పుడేమో ఆ కాలి మీదే బరువంతా వేసి నిలబడ్డాడు.

కాసేపటికి చేయి దొరికింది. మెలిపెట్టాను. తిరగలేదు. ఇంకొంచెం ఎత్తాను. మూలగను కూడా లేదు.

"ఎత్తు బిడ్డా, ఇంకా ఎత్తు!" అని మా ఉస్తాద్ గట్టు మీద నుంచి అరుస్తున్నాడు. నా పట్టు కింద అతని భుజంలో ఏదో జారుతోంది. అతను నవ్వాడు. అంతలో టక్కుమంది. వదిలేసి వెనక్కి జరిగాను.

"ఎందుకిడిసినవ్ రా?" అన్నాడు మా ఉస్తాద్.

"చెయ్యి ఊడింది ఉస్తాద్. ఆయనకు నొప్పి తెలుస్తలేదు."

వేలాడే చేయితోనే అతను మళ్లీ నా మీదికి వచ్చాడు. జనం ఈలలు ఆగిపోయాయి. తీర్పు చెప్పే పెద్దాయన గోదాలోకి దిగి, అతని గడ్డం పట్టి కళ్లలోకి చూసి, గద్వాల ఉస్తాద్ వైపు తిరిగాడు.

"ఏం పెట్టినవ్ పిలగానికి?"

"మోకాలు నొస్తుందంటే జరంత నల్లమందిచ్చిన. గిదేమన్న కొత్తనా? అందరిస్తరు."

మందు తిన్నవాణ్ని ఇక ఏ గోదాలోనూ దిగనివ్వొద్దని కొందరు కేకలేశారు. ఎవరో మట్టిబెడ్డ విసిరారు. పెద్దాయన అతనికి అడ్డంగా నిలబడ్డాడు.

"వీన్ని ఎల్లగొడితే, ఇచ్చినోడు రేపు ఇంకోన్ని తెస్తడు. ఇచ్చినోడే ఇక ఈ గోదా కాడికి రావొద్దు. గెలుపు ఎవ్వలికీ లేదు. ముందుగాల బండి కట్టుండ్రి."

వనపర్తి దవాఖానకు నేనూ వెళ్లాను. దారిలో మందు దిగేకొద్దీ అతనికి నొప్పి తెలియసాగింది. బండి ఎగిరినప్పుడల్లా కేక పెట్టి, మంచి చేత్తో నా మోచేయి పట్టుకునేవాడు.

"ఏమైందన్నా? నేను పడ్డనా?"

"పడలే తమ్మీ."

"ఉస్తాద్ బలానికని గోళీ ఇచ్చిండు. మింగిన. అటెన్క ఏం యాదికి లేదు."

ఏం తిన్నాడో అతనికే తెలియదు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

ఆ చేయి మళ్లీ భుజం దాటి లేవలేదు. ఆ ఉస్తాద్ మరుసటి ఏడు వేరే జాతరలో వేరే కుర్రవాణ్ని దింపాడని విన్నాం. ఒక ఊరి తీర్పు ఇంకో ఊళ్లో చెల్లదు కదా. అందుకే పెద్దాయన నాగర్‌కర్నూల్ దాకా జాతర జాతరకూ తిరిగి పెద్దలకు ఆ సంగతి చెప్పేవాడు. నేనూ, గద్వాల తమ్ముడూ వెంట వెళ్లేవాళ్లం. కొన్నిచోట్ల విన్నారు. కొన్నిచోట్ల నవ్వి పంపించారు.