బామ్మర్ది నేర్పిన ఇంగ్లీషు మాట

మా బిడ్డ ఏదో ఉద్యోగపు పరీక్షకని ఇంగ్లీషు మాటలు బట్టీ పడుతోంది. మొన్న పొద్దున ‘కంటెంప్ట్’ అని చదువుతుంటే నేను ఆగలేక, అది నాకు తెలుసు, కోర్టు మాట వినకపోతే పెట్టే కేసు అన్నాను. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, పేపరు చదివి సంపాదించిన ఇంగ్లీషు నాది. బిడ్డ నవ్వింది. అది ఒక వాడుకేనట. మనుషుల మధ్యయితే, ఎదుటివాడు మన కోపానికి కూడా తగడనుకోవడమట. మరి తిడితే? అన్నాను. తిట్టాలన్నా ఆ మనిషిని లెక్కలోకి తీసుకోవాలి కదా నాయినా అంది.

ఆ అర్థం పుస్తకం కంటే ముందు నాకు మా బామ్మర్ది చెప్పాడు.

జహీరాబాద్‌లో నేను సరుకుల ఆటో నడుపుతాను. మా ఆవిడది న్యాల్‌కల్ వైపు పల్లె. ఆమె తమ్ముడు హైదరాబాద్‌లో ఆఫీసరు. వాడి పెళ్లయిన కొత్తలో మేమిద్దరం కలిస్తే ఇల్లంతా నవ్వులే.

“ఏం రా, మా చెల్లె నిన్ను కొట్టుడు బంద్ చేసిందా?” అని నేనంటే, “యాడ బంద్ చేస్తది బావా, మా అక్క దగ్గర ట్రైనింగ్ తీసుకున్నది గద” అనేవాడు.

బావాబామ్మర్దులకు తిట్టుకోవడమే మర్యాద. తిట్టకపోతే ఒంట్లో బాగాలేదేమోనని అడిగేవాళ్లం.

పోయిన ఎండాకాలం వాడి కొడుకు పెళ్లి. పిల్లది జహీరాబాదే, ఫంక్షన్ హాలు బైపాస్ పక్కనే. వాడు ఆఫీసువాళ్లతో నిలబడి ఉంటే నేనూ మా ఆవిడా ఎదురెళ్లాం. ఆ సూటు చూశాక నా నోరు ఊరుకుంటుందా?

“ఏం రా బామ్మర్ది, పెండ్లి నీకా, నీ కొడుక్కా?”

ఆఫీసువాళ్లు పక్కున నవ్వారు. వాడు నవ్వలేదు. కోప్పడనూ లేదు. చూపు నా భుజం మీదుగా ఎక్కడికో పోనిచ్చి, మీరు భోజనం చేశారా, అటు పెడుతున్నారు అన్నాడు. వాడు నన్ను ‘మీరు’ అనడం అదే మొదలు. ఇన్నేళ్ల తిట్లన్నీ కలిపినా అంత తగల్లేదు.

ఈయనెవరని ఒకాయన అడిగాడు.

“మా ఊరాయన. జర తమాషా మనిషి.”

తమాషా మనిషినే, అబద్ధం కాదు. కానీ నన్ను ఊరాయన్ని చేస్తే, పక్కన నిలబడ్డ అక్క ఏమవుతుంది? అది వాడికి తట్టలేదు. ఆమెకు తట్టింది. ఏదో ఒకటి అని ఆమెను నవ్విద్దామనుకున్నాను. తిందాం రా అని మాత్రం అన్నాను.

మధ్యాహ్నం ఒడిబియ్యం పోస్తామని బామ్మర్ది భార్య వచ్చి పిలిచింది. ఆ బియ్యం ఒళ్లో పడితేనే ఆడబిడ్డకు పుట్టింట్లో ఇంకా చోటున్నట్టు. పెళ్లి కుదిరిన నాటి నుంచి మా ఆవిడ దానికోసమే ఎదురుచూసింది. పీట వేశారు. ఆమె కూర్చోలేదు. తమ్ముడు ఎదురుగానే ఉన్నాడు.

“ఊరోళ్లకు ఒడిబియ్యం పోస్తరా?” అంది మెల్లగా.

వాడప్పుడు ఆమె మొహం చూశాడు. అక్కా అన్నాడు. ఆమె అప్పటికే గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటోంది.

వాడు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఆమె ఎత్తదు. ఎత్తమని నేనూ అనలేదు.