ఐలేశం తన కుక్కను పొగిడిన రోజు

అచ్చంపేట దాటి అడవి మొదలయ్యే చోట నేల ఎర్రగా, ఆకాశం చాలా దగ్గరగా ఉంటుంది. ఆ రెండింటి నడుమ ఐలేశం గొర్రెలు మబ్బునీడలా కదిలేవి. నీడ అంచున ఒక నల్లని చుక్క. అది అతని కుక్క గండోడు.

సాయంత్రం మంద దగ్గర కూర్చుని ఎవరి కుక్కను వాళ్లు పొగుడుకోవడం అక్కడి కాపరుల అలవాటు. కుక్కలు తరిమిన తోడేళ్లు ఏటేటా కాస్త పెరిగేవి. ఎవరూ తప్పుపట్టేవారు కాదు. అందరికంటే పెద్ద తోడేలు ఐలేశానిదే. నిజానికి గండోడు దానితో తలపడి ఆరేళ్లయింది. మెడ మీది గాట్లు మాని, వాటి చుట్టూ వెంట్రుకలు నెరిశాయి.

పందొమ్మిది వందల యాభై తొమ్మిది వేసవిలో గండోడు తిండి మానేశాడు. నోరు మూతపడదు. సొంగ తీగలా కారుతోంది. నీళ్లలో మూతి పెట్టి, తాగలేక ఐలేశం వైపు చూసేవాడు.

"నోట్ల ఏందో ఇరికినట్టుంది, సూడరాదు," అంది ఐలేశం భార్య ఈదమ్మ.

వేలు పెట్టబోతే గండోడు మూలిగి తల తిప్పుకున్నాడు.

"నాతోని గాదే. దవాఖానల సారు తీస్తడు," అని ఐలేశం గండోడిని భుజాన వేసుకుని తాలూకా ఊరికి నడిచాడు.

పశువుల దవాఖాన ముందు ఎడ్లు, బర్రెలు నిలబడి ఉన్నాయి.

"కుక్కకు గూడ దవాఖాననా మామా? రేపు పిల్లిని గూడ తెస్తవా?" అన్నాడొక రైతు. అందరూ నవ్వారు.

"నీ ఎద్దును తోడేలు మీదికి తోలు, సూద్దాం," అన్నాడు ఐలేశం.

కాంపౌండరు కృష్ణయ్య వచ్చి చూశాడు. "ముసలిదైనట్టుందే. ముసలి కుక్కకు మందు దండుగంటడు సారు. తీస్కపో."

"ఎవరు ముసలి?" అన్నాడు ఐలేశం.

డాక్టరు గడప దాటలేదు. పోయిన నెలే ఆ ఊళ్లో ఒక మనిషి పిచ్చికుక్క కాటుకు, నీళ్లను చూసి వణుకుతూ చనిపోయాడు. ఆ చావును చూసిన కళ్లతోనే డాక్టరు ఇప్పుడు గండోడి సొంగను చూస్తున్నాడు.

"నోట్ల ఏదో ఇరికింది సారూ. జర తెరిచి సూడుండ్రి."

"ఈమధ్య ఏ జంతువుతోనైనా కొట్లాడిందా?"

ఐలేశం ముఖం వెలిగింది. గండోడి విలువ చెప్పుకునే జాగా దొరికింది.

"గట్ల అడుగుండ్రి సారూ. ముసలిది గాదు గిది. పోయిన పున్నంనాడే తోడేలుతోని కలెవడ్డది. గీ మెడ సూడుండ్రి, కండ పీకింది. అయినా ఇడువలే."

డాక్టరు మెడ చూడలేదు. వెనక్కి తగ్గి, కృష్ణయ్య చెవిలో ఏదో చెప్పాడు.

కృష్ణయ్య సూది తెచ్చాడు. "గట్టిగ పట్టుకో."

ఐలేశం ఆ తలను ఒడిలోకి తీసుకున్నాడు. "ఒక్క సూదే కొడుకా. మాపటికి అంబలి తాగుతవు."

ఆ గొంతు విన్నాక గండోడు కదల్లేదు. సూది దిగింది. ఆ కళ్లలో ఉన్న ఎండ మెల్లగా, ఎవరో తలుపు చేరవేస్తున్నట్టు, తగ్గిపోయింది.

"పండుకున్నడు," అన్నాడు ఐలేశం.

"చచ్చిపోయింది," అన్నాడు డాక్టరు. "తోడేలు కాటుతో పిచ్చి అంటుకుంది. నువ్వూ పెద్దాసుపత్రికి వెళ్లి సూదులు వేయించుకో." లోపలికి వెళ్లిపోయాడు.

"పున్నంనాడు గాదు," అన్నాడు ఐలేశం, మూసిన తలుపుతో. "ఆరేండ్లాయె."

కృష్ణయ్య అతని వైపు చూడలేకపోయాడు. "గా ముచ్చట ముందుగాల జెప్పకపోతివి."

ఊరి బయట ఎండిన వాగులో ఐలేశం గుంట తవ్వాడు. పూడ్చే ముందు నోరు తెరిచాడు. ఇప్పుడు గండోడు అడ్డుచెప్పలేదు. అంగిట్లో, పళ్ల నడుమ అడ్డంగా ఒక ఎముక ముక్క. వేలితో కదిపితే ఊడి వచ్చింది. అంత తేలికగా ఊడి వచ్చింది. పొద్దు వాలేదాకా అతను ఆ ఇసుకలోంచి లేవలేదు.

పెద్దాసుపత్రికి పోలేదు. "పిచ్చి ఏడున్నదే దానికి?" అన్నాడు ఈదమ్మతో. ఆ తర్వాత మంద దగ్గర కూర్చున్నా నోరు విప్పలేదు. గొర్రెలు కొనేవాళ్లొచ్చి "పొట్టేలు ఎట్లాంటిది?" అని అడిగితే దిక్కులు చూసేవాడు. ఈదమ్మే అందుకుని చెప్పేది.

తోటి కాపరి బీరప్ప ఒక కుక్కపిల్లను ఇచ్చాడు. అది ఎదిగి, ఒక చీకటిపడే వేళ, తోడేలును పొదల దాకా తరిమి రొప్పుతూ తిరిగొచ్చింది.

"సూస్తివా? గండోని లెక్కనే. మంచి కుక్క," అంది ఈదమ్మ.

"ఏమో," అన్నాడు ఐలేశం. "కుక్క."

దాని తల మీదికి సాగిన చేతిని సగంలోనే వెనక్కి తీసుకున్నాడు.